నలభై ఏడో పేజీ

మా సభలో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడీ మాట రాస్తుంటే తల ఎత్తలేకపోతున్నాను గానీ, మొన్నటిదాకా దీన్ని చెప్పుకొని నేను మురిసిపోని ఆదివారం లేదు.

తమిళనాడులోని ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కన, రేకుల కప్పుతో ఉన్న చిన్న మందిరం మాది. ఉదయం ఆరాధన అంతా అరవంలోనే జరుగుతుంది. మాలో ఇరవై ఆరు కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. ఎప్పుడో తాతల తాతల కాలంలో వచ్చి వెల్లిచందై, ఏరియూరు, బి. మల్లాపురం పక్కల భూములు చేసుకొని నిలదొక్కుకున్నవాళ్ళ సంతానం. తిట్టుకున్నా, పిల్లల్ని లాలించినా, చచ్చినవాళ్ళ కోసం ఏడ్చినా తెలుగులోనే. అక్షరాలు మాత్రం ఒక్కరికీ రావు. బైబిలు కూడా అరవంలోనే చదువుతారు. నేను పద్దెనిమిదేళ్ళు పలమనేరులో ఒక మందుల షాపులో పనిచేశాను. షాపుకొచ్చే పేపరు చూసి చూసి తెలుగు చదవడం పట్టుబడింది. నా పాండిత్యం అంతా అదే.

పని మానుకొని ఊరికి వచ్చేటప్పుడు ఒక బీరువాకు సరిపడా తెలుగు క్రైస్తవ పుస్తకాలు తెచ్చుకున్నాను. వాటిని ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టించాను, వచ్చినవాళ్ళకు కనబడాలని. చదవాలనే ఉద్దేశం ఉండేది. పడక్కుర్చీలో కూర్చొని తెరిచేవాణ్ణి, మూడో పేజీకి నిద్ర ముంచుకొచ్చేది. నా భార్య ధనలక్ష్మి వచ్చి గుండె మీద ఉన్న పుస్తకం తీసి బీరువాలో పెట్టేది. అట్లా ఎన్ని పుస్తకాలు నా గుండె మీద పడుకొని లేచాయో ఆమెకే తెలుసు.

పోయిన డిసెంబరులో పాస్టర్ గోవిందరాజ్ మా ఇంటికి వచ్చాడు. మనిషి మంచివాడు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. బీరువా ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"బ్రదర్, మన సబలో పెద్దవాళ్ళు అరవంలో జెపం వింటారు, ఇంటికి పోయి తెలుగులో ఏడుస్తారు. వాళ్ళకి వాళ్ళ మాటలోనే ఏదన్నా చదివి వినిపించల్ల. నెలకి ఒక పుస్తకం పెట్టుకుందాం. మీరు చదవండి, మేము వింటాం, దాని గురించి అందరం మాట్లాడుకుందాం. ఏ పుస్తకాలు మంచివో మీరే చెప్పల్ల. మాకేమి తెలుసును?"

"దానికేమి, రేపే రాసిస్తాను," అన్నాను.

రేపటిదాకా కూడా ఆగలేదు. ఆయన అటు వెళ్ళగానే బీరువా తెరిచి అరగంటలో పన్నెండు పేర్లు రాసేశాను. ప్రార్థన గురించి ఒకటి, సువార్త కోసం కొండల్లో తిరిగిన ఒక దొర జీవితం ఒకటి, కుటుంబం గురించి ఒకటి. దేనిదీ లోపల చూడలేదు. పేరు బాగుంటే చాలు, అట్ట మీద దీపమో పావురమో ఉంటే ఇంకా మంచిది. మార్చి నెలకు పెట్టిన పుస్తకం పేరులో 'ఓదార్పు' అనే మాట ఉంది. ఇది సరసమ్మక్కకు పనికొస్తుంది అనుకున్నాను. ధనలక్ష్మి తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఇవన్నీ ఎప్పుడు చదివినావు?"

"నువ్వు నిద్రపోయినప్పుడు," అన్నాను కోపంగా.

"నేను నిద్రపోతే నిన్ను లేపేది ఎవరు?" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ నవ్వు నన్ను ఆపి ఉండాలి. ఆపలేదు.

జనవరి మొదటి ఆదివారం పాస్టర్ నన్ను ముందుకు పిలిచి, ఆ జాబితా చదివించాడు. నేను గొంతు సవరించుకొని చదివి, చివర ఒక మాట చేర్చాను. "ఈ పన్నెండూ నేను ఒకటికి రెండుసార్లు చదివి ఎంచినవే. కళ్ళు మూసుకొని తీసుకోవచ్చు. మార్చి నెల పుస్తకం ముఖ్యంగా మన సరసమ్మక్క కోసం పెట్టినాను." అందరూ వెనక్కి తిరిగి సరసమ్మ వైపు చూశారు. ఆమె కొంగు తల మీదికి లాక్కొని నాకు దండం పెట్టింది.

సరసమ్మ నాకంటే ఆరేళ్ళు పెద్ద. రక్తసంబంధం ఏమీ లేదు గానీ అక్కా అని పిలుస్తాను. వెల్లిచందైలో టమాటా వేసే రైతు కుటుంబం. పదేళ్ళ కిందట మొగుడు పోయాక కొడుకు ముఖేశ్‌తో ధర్మపురికి వచ్చి, మా సభలో చేరింది. బంధువులు అప్పుడే వెలి వేసినట్టు చూశారు. కిందటి ఏడు ముఖేశ్ తొప్పూరు ఘాటులో బైకు మీద వస్తూ లారీ కింద పడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. చావుకు వచ్చిన వెల్లిచందై బంధువులు వాకిట్లోనే గట్టిగా అన్నారు, కులదేవరను వదిలిన పాపం ఊరికే పోతుందా, కొడుకును తినేసింది అని. ఆ మాట ఆమె చెవిలో పడింది. ఆ రోజు నుంచి మందిరానికి వస్తుంది, పాట పాడుతుంది, కానీ ఏడవడం ఎవరూ చూడలేదు. ఇంట్లో కోడలు శశికళ, ఆమె ఇద్దరే. శశికళ నాలుగు రోడ్ల దగ్గర ఒక జాకెట్ల కుట్టు షాపులో పనిచేస్తుంది.

మా చదువు ఎట్లా సాగేదో చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మూడింటికి కూర్చునేవాళ్ళం. ఇంటికొక పుస్తకం చొప్పున ఇరవై ఆరు తెప్పించారు, ఒక్కరికీ చదవడం రాకపోయినా. చేతిలో పుస్తకం ఉంటే మనసు నిలుస్తుందని పాస్టర్ అన్నాడు. నేను నిలబడి "ముప్పై రెండో పేజీ" అంటే అందరూ ఆ నంబరు వెతుక్కొని తెరిచేవాళ్ళు. అంకెలు అందరికీ వచ్చు. నేను చదువుతుంటే ముసలివాళ్ళు పేజీ మీద వేలు పెట్టి, తెలియని అక్షరాల వెంట మెల్లగా జరుపుకుంటూ పోయేవాళ్ళు. నేను పేజీ తిప్పితే ఇరవై ఆరు పేజీలు ఒక్కసారి తిరిగేవి. తర్వాత సుండలని గుగ్గిళ్ళు, టీ, మాటలు. మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. ముందుగా ఇంట్లో ఒకసారి చూసుకుందామని కూడా నాకు అనిపించేది కాదు. లేచి నిలబడి అప్పటికప్పుడు చదివేవాణ్ణి, తప్పు పోయినా పట్టుకునేవాళ్ళు లేరు గదా.

మార్చి మూడో ఆదివారం నాలుగో అధ్యాయానికి వచ్చాం. సరసమ్మ మొదటి వరుసలో కూర్చుంది. పక్కన శశికళ, ఇంకో పక్క వాళ్ళ ఇరుగింటి పంచవర్ణం. "నలభై ఏడో పేజీ," అన్నాను. మొదటి వాక్యం చదివాను. దుఃఖములో ఉన్న తల్లిదండ్రులారా, ఈ అధ్యాయము మీ కొరకు వ్రాయబడినది. సరసమ్మ వేలు ఆ వాక్యం కింద పెట్టింది. రెండో వాక్యం మీదికి నా కళ్ళు వెళ్ళాయి.

ఒక ఇంట అకాల మరణము సంభవించినప్పుడు ఆ ఇంటి పెద్దలు తాము దాచిన పాపమును వెదకుకొనవలెను, దేవుడు కారణము లేక బెత్తము ఎత్తడు అని ఉంది. ఆ తర్వాత ఇంకా ఉంది. కిందికి చూశాను, పేజీ అంతా అదే.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నాకు ముందు సరసమ్మ గుర్తుకు రాలేదు. ఈ పుస్తకం ఎంచింది నువ్వే కదా, రెండుసార్లు చదివినానంటివే అని అందరూ అడుగుతారే అన్నది ముందు వచ్చింది. దగ్గినట్టు చేశాను. తర్వాత పేజీ మీద నుంచి కళ్ళు తీయకుండా, అక్కడ లేనిది చదవడం మొదలుపెట్టాను.

"తల్లీ, నీ కుమారుని మరణము నీ పాపమునకు శిక్ష కాదు. నిన్ను కొట్టుటకు నీ బిడ్డను కర్రగా వాడుకొనువాడు దేవుడు కాడు. నీవు ఏడ్చు చోట ఆయన నీ ప్రక్కనే నేలమీద కూర్చుని ఏడ్చుచున్నాడు. ఎందుకు తీసుకొంటివి అని అడుగుము. అడిగినందుకు ఆయన కోపపడడు."

ఎక్కడి నుంచి వచ్చాయో వచ్చాయి. పుస్తకం భాష చెవిలో నానింది కాబట్టి ఆ వరసలోనే వచ్చాయి. ఇరవై ఆరు పుస్తకాల మీద ఇరవై ఆరు వేళ్ళు నా మాటల వెంట జరుగుతున్నాయి, ఆ బెత్తం మీదుగా, ఆ దాచిన పాపం మీదుగా. నేను చూస్తూ చదివాను.

సరసమ్మ వేలు ఆగిపోయింది. పుస్తకాన్ని మొహానికి ఆనించుకొని ఏడ్చింది. ముఖేశ్ పోయాక మొదటిసారి. శశికళ ఆమె వీపు నిమురుతూ తనూ ఏడ్చింది. ఆ రోజు ఎవరూ ఏమీ చర్చించలేదు. పాస్టర్ నా చేతులు రెండూ పట్టుకొని, "బ్రదర్, ఎంత సరిగ్గా ఎంచినారు," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. నేను మాత్రం తల ఆడించి టీ తాగాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. సరసమ్మ వదల్లేదు. శశికళ షాపు నుంచి తెచ్చిన ఎర్ర దారం ఒకటి ఆ పేజీలో పెట్టుకుంది. బుధవారం కూటానికి వస్తూ పుస్తకం సంచిలో వేసుకొచ్చి, "తమ్ముడూ, ఆ నాలుగు మాటలు ఇంగొక తూరి చదువు," అనేది. నేను పేజీ తెరిచి, ఆ బెత్తం మీద కళ్ళు పెట్టి, నా మాటలు నేనే గుర్తు తెచ్చుకొని చెప్పాలి. ఒకసారి తడబడ్డాను.

"అట్ల కాదు తమ్ముడూ. 'నేలమీద కూర్చుని' అని ఉండాది. నేల మీద అనేది విడిచినావు," అంది.

"అవునక్కా, కళ్ళజోడు సరిగా లేదు," అన్నాను.

ఏప్రిల్‌లో ఆమె వెల్లిచందైకి పోయింది, ఎవరిదో పెళ్ళికి. ఏడాదిగా ఆ ఊరి దిక్కు చూడని మనిషి. తిరిగొచ్చి నాకు చెప్పింది. కులదేవర మాట మళ్ళీ ఎత్తారట. ఈమె సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ తెరిచి చూపించిందట. "మీరు నోటితో చెప్తారు, ఇది అచ్చేసి ఉండాది, చూడండి అంటిని. ఒక్కరు నోరు తెరవలేదు తమ్ముడూ," అని చెబుతూ ఆమె నవ్వింది. వాళ్ళకూ చదవడం రాదు. వాళ్ళు అన్న మాటనే అచ్చులో వాళ్ళకు చూపించి వచ్చింది ఆ పిచ్చితల్లి. ఆ రోజు నాకు అన్నం లోపలికి దిగలేదు. కడుపులో బాగాలేదని ధనలక్ష్మికి చెప్పాను.

మే నెలలో ఇంకో పిడుగు పడింది. శశికళ తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. షాపులో మిషను పక్కన ఫోను నిలబెట్టుకొని, ఎవరో టీచరమ్మ చెప్పే వీడియోలు చూస్తూ, జాకెట్టు కొలతలు రాసే నోటు వెనక అఆలు దిద్దుతోంది. మందిరం వాకిట్లో ఆ నోటు నాకు చూపించింది.

"మామా, అత్తకి ఆ పేజీ నేనే చదివి వినిపించల్ల. ఎన్ని తూర్లు మిమ్మల్ని ఇబ్బంది పెడతాది? సరిగా రాసినానా చూడండి."

అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి. "తెలుగు ఒత్తులు రొంబ కష్టమమ్మా," అన్నాను. "నీకి పని ఎక్కువ. నేనుండాను గదా, నేను చదువుతాను." ఒక పిల్ల చదువుకుంటానంటే వద్దన్నవాణ్ణి నేను. ఆమె నొచ్చుకోలేదు. "కష్టమైతే ఏమి మామా, వస్తాది," అంది.

వారం తర్వాత పుస్తకానికి అట్ట వేసి ఇస్తానని సరసమ్మ దగ్గర అడిగి తీసుకున్నాను. ఇంటికి తెచ్చి బ్లేడుతో నలభై ఏడో పేజీ ఉన్న కాగితాన్ని కుట్టు దగ్గర కోసేశాను. ఎర్ర దారం పక్క పేజీలోకి జరిపాను. కాగితాన్ని స్టవ్ మీద పెట్టి కాల్చాను.

"ఏమి కాలుస్తావుండావు?" అంది ధనలక్ష్మి.

"పాత మందుల చీటీ."

ఆమె నల్లబడిన కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, కిటికీ తెరిచింది. నా బుద్ధి ఎంత మాత్రం పనిచేసిందో చూడండి. ఇరవై ఆరు ఇళ్ళలో ఇరవై ఆరు పుస్తకాలున్నాయి. నేను ఒకదాన్లో చింపి, బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాను.

జూన్‌లో ఒక శనివారం సాయంత్రం శశికళ ఒంటరిగా మా ఇంటికి వచ్చింది. ధనలక్ష్మి పాలకు పోయింది. శశికళ కుర్చీలో కూర్చోలేదు. సంచిలోంచి రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి నేను అట్ట వేసి ఇచ్చింది.

"నలభై ఆరు అయినాక నలభై తొమ్మిది ఉండాది మామా. బైండింగులో పోయిందేమో అని పంచవర్ణం పిన్ని పుస్తకం అడిగి తెచ్చినాను."

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"రెండు దినాలు పట్టింది. ఒక్కొక్క అక్షరం కూడబెట్టుకొని చదివినాను. మీరు చదివింది దాంట్లో లేదు. నాకే రాలేదేమో అని మళ్ళీ మొదటి నుంచి చదివినాను." ఆమె గొంతు తగ్గింది. "బెత్తం అంటే ఏమని ఫోనులో చూసినాను."

"అత్తకి చెప్పినావా?" ఇదీ నా మొదటి ప్రశ్న.

"లేదు. రేపు అందరి ముందర నన్ను ఆ పేజీ చదవమంటా ఉండాది. పాస్టర్ దగ్గర కూడా చెప్పేసింది. కోడలు తెలుగు నేర్చుకునిందని అందరికీ చెప్పుకుంటా ఉండాది. నేనేమి చదివేది మామా?"

అప్పుడైనా నేను మనిషిగా నడుచుకొని ఉండొచ్చు. నడుచుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ నాలుగు మాటలు నీకి నోటికి వచ్చును గదా. పుస్తకం తెరిచి చదివినట్టు చెప్పేయి. ఎవరికి తెలుస్తాది? అక్క సంతోషంగా ఉంటే చాలదా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపం కనిపించి ఉంటే నాకు ఊరటగా ఉండేది.

"నా బతుకులో నేను చదివిన మొదటి తెలుగు పేజీ ఇది మామా," అంది. రెండు పుస్తకాలూ సంచిలో పెట్టుకొని వెళ్ళిపోయింది.

మరునాడు మూడింటికి మందిరం నిండిపోయింది. తెలుగే రాని అరవంవాళ్ళు కూడా నలుగురు వచ్చి కూర్చున్నారు, కోడలు పిల్ల చదువుతుందంట అని. సరసమ్మ కొత్త చీర కట్టుకుంది. శశికళ ముందుకొచ్చి పంచవర్ణం పుస్తకం తెరిచింది. "నలభై ఏడో పేజీ," అంది. కాగితాలు తిరిగాయి. సరసమ్మ చేతిలో పుస్తకంలో ఆ పేజీ లేదు. ఆమె నంబరు చూసుకోలేదు, ఎర్ర దారం ఉన్నచోట తెరిచి వేలు పెట్టుకుంది.

శశికళ మొదటి వాక్యం చదివింది. మెల్లగా, అక్షరం అక్షరం, ఒక్క తప్పు లేకుండా. దుఃఖములో ఉన్న తల్లిదండ్రులారా. జనం చప్పట్లు కొట్టారు. ఆమె రెండో వాక్యం దగ్గర ఆగింది.

"పరవాలేదు, నిదానంగా," అన్నాడు పాస్టర్.

ఆమె పేజీనే చూస్తోంది. పెదవులు కదలడం లేదు. వెనక ఎవరో నవ్వారు. "ఒక లైనుకే ఆయాసం వచ్చేసింది," అన్నారు ఇంకెవరో. సరసమ్మ మొహం చిన్నబోయింది. "చదువు కన్నా, ఇంట్లో నీ నోటులో అక్షరాలు ఎంత బాగా చదివినావు," అని బతిమాలింది. శశికళ నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. పుస్తకం మూసి, అత్త వైపు తిరిగి, "నాకి రాలేదత్తా," అంది.

ఆ పిల్ల అబద్ధం చదవలేదు, నిజం చదివి అత్తను పొడవలేదు. చదువు రానిదాన్నని అందరి ముందూ నవ్వులపాలైంది. ఆ సిగ్గు నాది. అరవై మూడేళ్ళ మగవాణ్ణి, ఆ సిగ్గును ఆడపిల్ల నెత్తిన పెట్టి గోడకు ఆనుకొని కూర్చున్నాను. లేచాను.

"ఆ పిల్లకి చదవను వచ్చును," అన్నాను. "ఆడ ఉండేది చదవకూడదని నిలిపేసింది. నేను చెప్తాను."

చెప్పాను. ఈ పన్నెండు పుస్తకాల్లో ఒక్కటీ చదవలేదని, పేరు చూసి రాశానని చెప్పాను. ఆ ఆదివారం చదివింది పుస్తకంలో లేదని, నేను అప్పటికప్పుడు కల్పించానని చెప్పాను. అక్క పుస్తకంలో కాగితం కోసి కాల్చానని, నిన్న శశికళను కూడా అబద్ధం చెప్పమన్నానని చెప్పాను. అరవంవాళ్ళకు పాస్టర్ మెల్లగా మాట మార్చి చెబుతున్నాడు. నా నీచం రెండు భాషల్లో వినబడింది. ధనలక్ష్మి తల వంచుకొని కూర్చుంది.

సరసమ్మ తన పుస్తకంలో నంబర్లు చూసుకుంది. నలభై ఆరు, నలభై తొమ్మిది. తర్వాత శశికళ చేతిలో పుస్తకం తీసుకొని నా దగ్గరికి వచ్చి ఇచ్చింది.

"ఆడ ఏముండాదో అది చదువు."

"వద్దక్కా."

"చదువు తమ్ముడూ."

చదివాను. అకాల మరణం, దాచిన పాపం, బెత్తం. పేజీ అయ్యేదాకా ఆమె నిలబడే వింది.

"ఇదేమి కొత్త?" అంది. "ఇది మా వెల్లిచందైలో చెప్పినదే గదా. దీనికి పుస్తకం ఎందుకు?" ఆ తర్వాత నా మొహంలోకి చూసింది. "అయితే ఆ మాటలు ఎవరివి? నేల మీద కూర్చుని ఏడుస్తాడనేది. నీవేనా?"

"నావే అక్కా. క్షమించు."

ఆమె ముఖం కొద్దిగా వెలిగిందని నాకు అనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎందుకంటే వెంటనే ఆ వెలుగు పోయింది, ఏదో లెక్క తేలినట్టు ఆమె కనుబొమలు దగ్గరయ్యాయి.

"ముఖేశ్‌ని తెచ్చి వాకిట్లో పండబెట్టినప్పుడు నువ్వు మూడు దినాలు మా ఇంటికాడనే ఉంటివి. పందిరి వేయించినావు, కుర్చీలు తెప్పించినావు, వచ్చినవాళ్ళకి కాఫీ ఇప్పించినావు. మావాళ్ళు ఆ మాట అన్నప్పుడు నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంటివి." ఆమె గొంతు పెంచలేదు. "ఇంత మంచి మాటలు నీకాడ ఉండినాయి. ఆ పొద్దు ఒకటన్నా నాకి ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?"

నిజమే. నేను విన్నాను. వినీ, కుర్చీలు చాలలేదని ఫోను చేయడానికి పక్కకు పోయాను.

మందిరంలో పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఏదో ఒకటి చెప్పొచ్చు, అప్పుడు దుఃఖంలో నోరు రాలేదని చెప్పొచ్చు. నమ్మేవాళ్ళు నమ్ముతారు. ఆమె ఇంకా నా జవాబు కోసం చూస్తోంది.

"నువ్వు ఏడ్చినప్పుడు రాలేదక్కా," అన్నాను. "నా పరువు పోతుందనేసరికి వచ్చినాయి."

ఆమె శశికళ చెయ్యి పట్టుకొని, చెప్పులు వేసుకొని, ఎండలోకి నడిచి వెళ్ళింది.